టబ్బులో రెండు గీతలు

శనివారం పొద్దున టబ్బులో గీతలు చూసుకోవడం ఆ ఇంట్లో గడియారానికి కీ ఇవ్వడంలాంటి పని. చెప్పాల్సిన మాట ఎవరైనా మింగేస్తే, తెల్లారేసరికి అది టబ్బు అడుగున గీతగా తేలేది. చిన్న మాటైతే వెంట్రుకంత. పళ్ల పేస్టు రాసి గుడ్డతో రుద్దితే పోయేది. కాస్త పెద్దదైతే పుట్టీ పెట్టాలి. పక్కింటావిడ కూడా, దోమలెలా ఉన్నాయని అడిగినట్టు, "ఈ వారం మీకెన్ని పడ్డాయమ్మా?" అని అడిగేది.

టబ్బు పాతది. పోత ఇనుము, పైన తెల్లటి ఎనామిల్. కూల్చేస్తున్న హోటల్లోంచి ఆరుగురు మోసుకొచ్చారు. గుమ్మంలో పట్టకపోతే తలుపు చట్రం ఊడదీశారు. మళ్లీ బిగించినవాడు తలకిందులుగా బిగించాడు. అందుకే ఇప్పటికీ ఆ తలుపు గడియ మోకాలి దగ్గర ఉంటుంది. సరే, ఆ గొడవ మనకెందుకు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. బస్సు టికెట్ల కౌంటర్లో పనిచేసే కూతురు, కళ్లద్దాల కొట్టులో అద్దాలు అరగదీసే ఆమె భర్త, తాళాలు బాగుచేసే పని మానేసి వాళ్ల దగ్గరికొచ్చిన ఆమె తండ్రి. మామా అల్లుళ్లకు ఒకరంటే ఒకరికి ఎంత మర్యాదంటే, ఆరేళ్లుగా నేరుగా మాట్లాడుకోలేదు. ఏమున్నా అమ్మాయి ద్వారానే.

"అమ్మాయీ, వానొచ్చేలా ఉంది, అల్లుడుగారిని గొడుగు తీసుకెళ్లమను," అనేవాడు మామగారు, అల్లుడి చేతికి గొడుగు అందిస్తూ.

"తీసుకెళ్తున్నానని మీ నాన్నగారితో చెప్పు," అనేవాడు అల్లుడు, అందుకుంటూ.

"ఇద్దరూ విన్నారుగా. నన్నిక తిననివ్వండి," అనేది ఆమె.

ఆ వారం మామగారు పెట్టె సర్దుకున్నాడు. సోమవారం పెద్దకూతురింటికి వెళ్లి ఇక అక్కడే ఉండిపోతానన్నాడు. ఎన్నాళ్లని ఒకచోటే పడి ఉంటానన్నాడు. కూతురు ఏడ్చింది, తర్వాత అలిగింది. తను ఉండమంటే మొహమాటానికి ఉండిపోతారేమోనని అల్లుడు నోరు మెదపలేదు. అల్లుడు నోరు మెదపలేదు గనక పోవడమే మేలనుకున్నాడు ముసలాయన.

శనివారం చూస్తే టబ్బులో మూరెడు పొడవున రెండు గీతలు, ఒకదాన్నొకటి దాటుకుంటూ, లోపలి నల్ల ఇనుము కనపడేంత లోతుగా. నీళ్లు తగిలితే తుప్పు పడుతుంది. ఏడాది తిరక్కుండా చిల్లే.

కూతురు వంగి చూసింది. "నావి కావు. నేను అనాల్సినవన్నీ అనేశాను," అని డ్యూటీకి వెళ్లిపోయింది.

మామా అల్లుడూ టబ్బులోకి దిగి ఎదురెదురుగా మోకాళ్ల మీద కూచున్నారు. గరుకు కాగితం తడిపి రుద్దడం మొదలుపెట్టారు. అల్లుడు అద్దాల అలవాటు కొద్దీ గుండ్రంగా రుద్దాడు. మామగారు ఆకురాయి పట్టిన చెయ్యి గనక నిలువుగా రుద్దాడు.

"గుండ్రంగా రుద్దితే గుంట పడుతుందని చెప్పమ్మా," అన్నాడు మామగారు గుమ్మం వైపు తిరిగి. గుమ్మంలో ఎవరూ లేరు.

"నిలువుగా రుద్దితే కొత్త గీతలు పడతాయని చెప్పు," అన్నాడు అల్లుడు సబ్బు పెట్టెతో.

పుట్టీ కలిపి నింపారు. పావుగంటలో గట్టిపడింది. చెయ్యి తగలగానే ఎండిన మట్టిలా పెళ్లలు పెళ్లలుగా లేచిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారికి డబ్బా ఖాళీ.

"ఇది పుట్టీతో పోయేది కాదు," అన్నాడు మామగారు, ఎవరికీ చెప్పమనకుండానే.

ఇలాంటప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటే కాస్త టైము దొరుకుతుంది. అల్లుడికి ఆ అవకాశమూ లేదు. కొట్టులో అందరికన్నా చూపు బావున్నవాడు అతనే.

"మామగారూ," అన్నాడు. "మీరు వెళ్లకండి. మీ అమ్మాయి కోసం అనట్లేదు. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మీరు మెట్ల మీద కూచుని ఏదో ఒక తాళం విప్పుతూ కనపడాలి నాకు. కనపడకపోతే ఇంటికొచ్చినట్టు ఉండదు."

వాళ్ల మోకాళ్ల మధ్య ఒక గీత, కుట్టు బిగించినట్టు, ఈ కొస నుంచి ఆ కొసకి మూసుకుపోయింది. అల్లుడు బొటనవేలితో తడిమాడు. నున్నగా ఉంది.

రెండోది అలాగే ఉంది. అల్లుడు దానికేసే చూస్తూ కూచున్నాడు, మామగారి మొహంలోకి చూడకుండా.

"పెద్దదాని ఇంట్లో అన్నీ కొత్త తాళాలు," అన్నాడు ఆయన. "ఒక్కటీ చెడదు. నాకు అక్కడికి పోవాలని లేదు అల్లుడుగారూ. మీ నోటి వెంట ఉండమనే మాట వస్తుందేమోనని పెట్టె సర్దాను."

రెండో గీతా మూసుకుంది. లేవబోతే ఇద్దరికీ మోకాళ్లు పట్టేశాయి. మళ్లీ కూలబడ్డారు.

"పైన ఎనామిల్ పూత ఒకటి పడితే మంచిదేమో," అన్నాడు మామగారు, అక్కర్లేదని తెలిసే.

"రెండు వేద్దాం. ఒకటి రేపు. అది ఆరాక ఇంకొకటి."

"అంటే సోమవారం."

"సోమవారమే. నా ఒక్కడి వల్ల కాదు."

"ఎలా అవుతుంది," అన్నాడు ముసలాయన, తడి కాగితాన్ని టబ్బు అంచు మీద ఆరేస్తూ.