ఇప్పుడే లేచి వెళ్ళిన మనిషి

సగం బ్లేడుతో పెన్సిల్ చెక్కడానికి సాలమన్‌కు ఒక పద్ధతి ఉంది. పొట్టు నేల మీద పడకూడదు, ముల్లు విరగకూడదు, చెక్కుతున్నంతసేపూ ఎవరూ పలకరించకూడదు. పంజాగుట్ట వెనక సందులో, రెండు గదుల ఇంటి గడప మీద కూర్చుని ఆ ఆదివారం పొద్దున కూడా అలాగే చెక్కుతున్నాడు. రాత్రి నుంచి ఎడమ భుజం లాగుతూనే ఉంది. గ్యాసేలే అనుకున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మగవాడికి వచ్చే ప్రతి నొప్పీ గ్యాసే, కాదని ఇంకెవరో చెప్పేదాకా.

"ఆదివారం సుత క్లాసేనా? ఒక్కనాడు పోకుంటే ఏమైతది?" చర్చికి తయారవుతూ లోపల నుంచి అడిగింది భార్య యేసుమణి.

"పోరగాండ్లకు పరీక్ష దగ్గరికొచ్చింది. నా వంతు ప్రార్థన నువ్వే చెయ్యి."

"నీ వంతు చేసీ చేసీ నా వంతు మర్చిపోతున్న" అని ఆమె టిఫిన్ డబ్బా తెచ్చి చేతికిచ్చింది.

సాలమన్ సన్నగా, కాస్త వంగి ఉంటాడు. కళ్ళజోడు కాడకు దారం చుట్టి ఉంటుంది. తోలు చెప్పుల్లో కుడిది మడమ దగ్గర బయటివైపుకి అరిగిపోయింది, ఎందుకంటే ఆ పాదం ఎప్పుడూ పక్కకు తిరిగే నడుస్తుంది. దాని పట్టీ తెగినప్పుడు మోచీ దగ్గర నల్లదారం అయిపోయింది. నీలం దారంతో కుట్టేశాడు. చెప్పులకు ముస్తాబెందుకని సాలమనూ ఊరుకున్నాడు.

మెట్రో స్తంభాల నీడ పట్టుకుని అమీర్‌పేట దాకా నడిచాడు. పైన ఎటు చూసినా కోర్సుల ఫ్లెక్సీలు, వాటి మీద ర్యాంకులొచ్చిన పిల్లల నవ్వు మొహాలు. ఒకప్పుడు ఈ ఊళ్ళో ఇంతేసి మొహాలు గీసేది సాలమన్ లాంటివాళ్ళే. సినిమా బ్యానర్ గుడ్డ షెడ్డులో నేల మీద పరిచి, గళ్ళు కొట్టి, ఒట్టి కాళ్ళతో దాని మీద తిరుగుతూ ఒక్కో కన్ను మనిషంత గీసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది. కొన్నాళ్ళు గోడల మీద సున్నపు రాతలు రాశాడు, కొన్నాళ్ళు ఏమీ చెయ్యలేదు. చివరికి కేదార్ అనే ఇంజనీరు అమీర్‌పేటలో ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్షకు కోచింగ్ సెంటర్ పెట్టి, బొమ్మలు నేర్పడానికి మనిషి కావాలంటే ఇక్కడ తేలాడు. "నాకు బిల్డింగుల సంగతి తెల్వది. చూసుడు నేర్పుత" అని మొదటిరోజే పిల్లలకు చెప్పేశాడు. పాపం, దాచుకునే అలవాటు లేదు.

మూడో అంతస్తు ఎక్కేసరికి ఒళ్ళంతా చెమట. మెట్ల దగ్గరే కేదార్ ఎదురయ్యాడు.

"సాలమన్ గారూ, ఆ మెహ్రీన్ సంగతి ఏంటండీ? నిన్న రద్దీగా ఉన్న బస్టాపు గియ్యమంటే బస్సు గీసింది, షెల్టర్ గీసింది, ఒక్క మనిషి లేడు. కర్ఫ్యూ పెట్టినట్టుంది."

"గీస్తది సార్. జర టైమియ్యుండ్రి."

"టైమెక్కడుందండీ? సాయంత్రం వాళ్ళ నాన్నగారిని రమ్మన్నాను. ఇవాళ్టి షీటు కూడా ఇలాగే ఉంటే వేరే కోర్సు చూసుకోమని చెప్పేస్తాను. ఆశ పెట్టి ఉంచడం పాపం కాదూ?"

అందులో తప్పు పట్టడానికేం లేదు. కేదార్ మంచివాడే. సాలమన్ తల ఊపి లోపలికి వెళ్ళాడు.

మెహ్రీన్ ఇంటర్ రెండో ఏడు. ఎర్రగడ్డ నుంచి వస్తుంది. తండ్రి దిలావర్‌కు కూలర్లు బాగుచేసే షాపుంది. వాళ్ళ వంటింటికి కిటికీ లేదు, పగలు కూడా లైటు వేసుకునే వండుతారు. అందుకేనేమో ఈ పిల్ల ఏ ఇల్లు గీసినా వంటింటి గోడకు రెండేసి కిటికీలు పెడుతుంది. గోడలు, మెట్లు, నీడలు అన్నీ బంగారంలా గీస్తుంది. మనుషులు మాత్రం ఉండరు. పెంచిన నాయనమ్మ సుగ్రాకు ఆ పట్టింపు ఉంది. అందరి ఇళ్ళలో ఉండదు, ఆ ఇంట్లో ఉంది. ప్రాణమున్న దాని రూపం గీయడం అల్లా పనిలో చెయ్యి పెట్టడమేనని చిన్నప్పటి నుంచి చెప్పింది.

"రేపు తీర్పుదినం నాడు నువ్వు గీసినదానికి ప్రాణం పొయ్యమంటరు, పోస్తవా అని అడుగుతది సార్ దాదీ" అని మెహ్రీన్ మొదటి నెలలోనే చెప్పుకుంది.

సాలమన్ అప్పుడు పగలబడి నవ్వాడు. "నేను గీసిన మొకాలన్నిటికీ ప్రాణం పొయ్యమంటె నాకు ఆడ సుత రిటైర్మెంట్ లేదు బేటా."

నవ్వాడే గాని ఆ పిల్లను ఎన్నడూ బలవంతపెట్టలేదు. తన తండ్రి చర్చి పెద్ద. సినిమా మొహాలు గీసే కొడుకుతో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు, మాట్లాడకుండానే పోయాడు. ఇల్లా, చేతిలోని విద్యా అని తేల్చుకోమంటే ఎట్లా ఉంటుందో సాలమన్‌కు బాగా తెలుసు. ఆ బాధ ఈ పిల్ల నెత్తిన పెట్టడం అతని వల్ల కాదు. అలాగని వదిలేస్తే సాయంత్రానికి ఆమె కిటికీలన్నీ మూసుకుపోతాయి. పొద్దున్నంతా పెట్టెలూ సీసాలూ గీయిస్తున్నాడన్న మాటేగాని మనసంతా దాని మీదే ఉంది.

భోజనాలయ్యాక మనిషిని చూసి గీసే క్లాసు. ఎప్పుడూ సాలమనే కూర్చుంటాడు. కిటికీ పక్కన చేతుల కుర్చీ వేసుకుని, చెప్పులు విడిచి కుర్చీ కిందికి నెట్టాడు. గుడ్డ మీద చెప్పులతో కాలు పెట్టకూడదన్న షెడ్డు అలవాటు. గుడ్డ లేదు, షెడ్డు లేదు, అలవాటు పోలేదు.

పిల్లలంతా గీతలు మొదలుపెట్టారు. మెహ్రీన్ మాత్రం తెల్లకాగితం ముందు తల వంచుకుని కూర్చుంది. తండ్రి వస్తున్న సంగతి ఆమెకూ తెలుసు. ఆమె కళ్ళు సార్ మొహం మీదికి రావు, కింద చెప్పుల దగ్గరే తిరుగుతున్నాయి.

అది చూసి సాలమన్‌కు షెడ్డు మేస్త్రీ జ్ఞాపకం వచ్చాడు. ఆయన పొద్దున్నే వచ్చి లోపలికి తొంగి కూడా చూసేవాడు కాదు. గుమ్మం ముందు విడిచిన చెప్పులు చూసి, ఎవడు వచ్చాడో, ఎవడు రాలేదో, ఎవడు తాగి వచ్చాడో కూడా చెప్పేవాడు. ఇన్నాళ్ళూ ఇది తట్టలేదేమిరా నీ బుర్రకు, అని తన్ను తాను తిట్టుకున్నాడు.

"మెహ్రీన్ బేటా, నన్ను గీయకు."

ఆమె బిత్తరపోయి చూసింది.

"మనిషిని గీయొద్దని దాదీ అంటది. మంచిదే. మనిషి ఇప్పుడే లేచి పోయిండని గీయి. కుర్చీల ఎట్ల కూసుండె, ఏం ఇడిచిపెట్టిండు, మళ్ళ ఎటుదిక్కు నుంచి వస్తడు, అన్నీ తెల్వాలె. కాగితం జూసినోడు, ఈడున్న మనిషి ఏడని అడగాలె. గంతే."

మెహ్రీన్ కాసేపు కుర్చీనే చూసింది. తర్వాత పెన్సిల్ అందుకుంది. దాని చప్పుడు అంత దూరం నుంచి కూడా సాలమన్‌కు వినిపించింది. జంకులేని గీత చప్పుడు అతనికి తెలుసు. మనసు తేలికపడింది. చేతిలో పెన్సిల్ అలాగే పట్టుకుని, తల గోడకు ఆనించి, కిటికీ వెలుగు వైపు మొహం తిప్పాడు. భుజం మళ్ళీ లాగింది, ఈసారి దవడ దాకా. క్లాసయ్యాక కిందికెళ్ళి సోడా తాగుదామనుకున్నాడు. ఇప్పుడు కదిలితే పిల్లల బొమ్మలు చెడిపోతాయి.

"సార్ ఇయ్యాల మస్తు కదలకుంట కూసున్నరు కదా" అంది మంజూష పక్కపిల్లతో. చివరి బెంచీలో కూర్చునే ఈ అమ్మాయి ఎప్పుడూ సార్ కదిలిపోతున్నాడని విసుక్కునేది.

అతని చేతిలోంచి పెన్సిల్ జారి నేల మీద దొర్లింది. పెన్సిల్ కింద పడితే లోపల ముల్లు ముక్కలవుతుందని పిల్లల ప్రాణం తీసే మనిషి, వంగి తీసుకోలేదు. అది గమనించింది మెహ్రీన్ ఒక్కతే. లేచి వెళ్ళి, "సార్" అంది. భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ "సార్" అంది.

అంబులెన్సు వాళ్ళు అతన్ని ఒట్టి కాళ్ళతోనే దించుకుపోయారు. వెంట వెళ్ళిన కేదార్, ఆస్పత్రిలో ప్రాణం పోయిందన్న మాట విని, యేసుమణిని ఆమె చెల్లెలికి అప్పగించి, పిల్లల కోసం వెనక్కి వచ్చాడు. క్లాసు త్వరగా అయిపోయింది, వచ్చి తీసుకెళ్ళండని మాత్రమే ఇళ్ళకు ఫోన్లు చేయించాడు. పిల్లలొక్కొక్కరే దిగిపోయారు. మెహ్రీన్ తన చోటు నుంచి లేవలేదు.

దిలావర్ చేతులకు ఇంకా గ్రీజు ఉండగానే పైకి వచ్చాడు. కూతురి మొహం చూసి, షీటు గురించి ఏదో మాట పడిందనుకున్నాడు. బల్ల మీది కాగితం వేళ్ళ కొసలతో జాగ్రత్తగా ఎత్తి పట్టుకున్నాడు. దానిలో వీపు ఆనిన చోట నొక్కుకుపోయిన కుర్చీ దిండు ఉంది. కిటికీలో కళ్ళజోడు పెట్టె, పక్కనే మూత సగం పెట్టిన టిఫిన్ డబ్బా. కుర్చీ కింద విడిచిన చెప్పులు, వాటి ముందు నేల మీద ఎవరో పాదాలు పెట్టుకునేంత వెలుగు.

దిలావర్ ఆ కాగితం చూశాడు, గదిలో కుర్చీ చూశాడు.

"సార్ ఏడికి పోయిండు? చెప్పులు ఈడనే ఇడిచిండు గదా" అన్నాడు కేదార్‌తో.

మెహ్రీన్ తండ్రి చొక్కాలో మొహం దాచుకుని అప్పుడు ఏడ్చింది. దిలావర్ ఏమీ అర్థం కాక ఆమె తల నిమురుతూ నిలబడ్డాడు.

"భాయ్, మీ అమ్మాయిని మాన్పించకండి" అన్నాడు కేదార్ చివరికి. "మిగతా సంగతి కిందికి పోయి మాట్లాడుకుందాం."

ముగ్గురూ మెట్లు దిగారు. తలుపు వేయడం ఎవరికీ గుర్తు రాలేదు. కుర్చీ కింద చెప్పులు అలాగే ఉన్నాయి, కుడిది కాస్త పక్కకు తిరిగి, నీలం దారం కనబడుతూ.