లోపలికి ఒక్కరే

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఆరుగురం ఉన్నాం. వసారాలో పేపరుతో నాన్న, మంచం మీద మోకాళ్ళకు నూనె రాసుకుంటూ అమ్మ, స్నానాల గదిలో అన్నయ్య, ముందుగదిలో అన్నయ్య చొక్కాలు ఇస్త్రీ చేస్తూ వదిన, బల్ల పక్కన నేల మీద బొమ్మలు పేర్చి వాటితో కబుర్లాడుతూ వాళ్ళ కూతురు పిచ్చుక, గుమ్మం దగ్గర లెక్కల పుస్తకంతో నేను. పిచ్చుకకు బళ్ళో వేసిన పేరు వేరే ఉంది, ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు.

దొర్లిపోయిన బొమ్మ కోసం పిచ్చుక గబుక్కున లేచింది. రెండడుగులు వేసి మాట ఆపేసింది. ఆరు నెలలుగా వస్తున్న ఆ బిగుసుకుపోవడం వచ్చినప్పుడు పిచ్చుక ఏడవదు, మాట ఆపేస్తుంది. ఇంట్లో ఇన్ని చప్పుళ్ళ మధ్య దాని మాట ఆగడం వదిన ఒక్కదానికే వినపడుతుంది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, పిల్ల కింద పడకముందే పట్టుకుంది. పిచ్చుక ఎడమకాలు కర్రలా బిగిసి, చెయ్యి మణికట్టు దగ్గర వంగిపోయి, మూతి ఒక పక్కకు లాగేసింది. వదిన కాలు లాగలేదు, రుద్దలేదు. అరికాలి కింద అరచెయ్యి పెట్టి, చెవిలో "పోతుందమ్మా, ఇదిగో పోతోంది" అంటూ పెదాలతో అంకెలు లెక్కపెట్టుకుంది.

"ఆ పెట్టె సంగతి చూడు ముందు, చొక్కా మాడితే వాడికేం తొడుగుతావ్?" అంది అమ్మ.

సబ్బు నురగతోనే అన్నయ్య తల బయటపెట్టాడు. "ఏదీ?" అన్నాడు, పక్కింటివాళ్ళు కొన్న కొత్త బండి చూపించమన్నట్టు.

అప్పటికి పిచ్చుక మంచినీళ్ళు అడుగుతోంది.

"బానే ఉందిగా! నువ్వు ఉలిక్కిపడుతుంటే అదీ వేషాలేస్తోంది," అని తలుపేసుకున్నాడు. అన్నయ్య చెడ్డవాడు కాదు. పొద్దున వెళ్తే పొద్దుపోయాక వస్తాడు. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా అది వచ్చినప్పుడు ఆ గదిలో లేడు.

అయినా డాక్టరు గదిలోకి వెళ్ళేది అన్నయ్యే. మా ఇంట్లో అది ఎవరూ పెట్టని రూలు. ఎవరికి జ్వరమొచ్చినా చెప్పడానికి మగవాళ్ళు లోపలికి వెళ్తారు, ఆడవాళ్ళు బెంచీ మీద చెప్పులూ సంచులూ కాస్తారు. వదిన అన్నం వడ్డిస్తూ చెప్తుంది, మధ్యలో అమ్మ "తిననివ్వు వాణ్ణి" అంటుంది, అన్నయ్య విన్న సగం మోసుకెళ్ళి డాక్టరుకి ఇస్తాడు. పోయినసారి నేనూ వెళ్ళాను. తలుపు ఓరగా ఉండడంతో నాకు వినపడింది. "ఏడ్చినప్పుడు వస్తుందండీ, ఐదు నిమిషాలుంటుంది," అంటున్నాడు. పిచ్చుక ఏడ్చినప్పుడు అది ఒక్కసారీ రాలేదు. ఐదు నిమిషాలూ ఉండదు. డాక్టరు బలానికి మందు రాసి, తల్లిని కంగారు తగ్గించుకోమన్నాడట. దారి పొడుగునా అందరూ వదినకి కంగారు తగ్గించుకోమని చెప్పారు. నాకు తెలిసింది నేనూ చెప్పలేదు. నలుగురిలో నా గొంతు ఎప్పుడూ లేవదు.

ఆ ఆదివారం మాత్రం అంట్లు తోముతున్న వదిన దగ్గరికి నా డైరీ పట్టుకెళ్ళాను. పిచ్చుకకు అది రావడం చూసినప్పుడల్లా రాసుకున్నాను, ఇరవై మూడుసార్లు. వదిన చేతులు తుడుచుకుని నిలబడే చదివింది. పొగుడుతుందనుకున్నాను.

"తప్పు రాశావు అమ్మడూ," అంది. "ముందు చెయ్యి కాదు, కాలివేళ్ళు. వంకర పోతాయి, ఆ తర్వాతే చెయ్యి. నువ్వు గుమ్మం దగ్గర కూర్చుంటావు, నీకు కాలు కనపడదు."

నా పెన్సిలు లాక్కుని సరిదిద్దింది. ఇంకోటి. ఇంకోటి. కుళాయి కారుతూనే ఉంది. ఉన్నట్టుండి తలెత్తింది.

"చూడు, అన్నీ లేచినప్పుడే. కూర్చున్నది గబుక్కున లేస్తేనే. నేను అనుకుంటూనే ఉన్నా."

"మరి చెప్పలేదేం వదినా?"

"ఎవరికి? కూరలో ఉప్పు తక్కువైతే అడుగుతారు గానీ, నువ్వేమనుకుంటున్నావని నన్నెవరడిగారు?"

ఆ రోజు నుంచి డైరీ వంటింటి గూట్లో ఉంది. నేను బడికి వెళ్ళినప్పటివి వదిన రాసింది. ఎంతసేపు, ఎటువైపు, లేచి ఎన్ని అడుగులు వేశాక. పెళ్ళయ్యాక సామాన్ల జాబితా తప్ప ఏమీ రాయని చెయ్యి. మొదటి పేజీలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, నాలుగో పేజీకి నా రాత కన్నా గుండ్రంగా వచ్చాయి.

ఆ పై వారం మంగళవారం మళ్ళీ ఆస్పత్రి. బెంచీ మీద అమ్మ, అన్నయ్య, నేను, ఒళ్ళో పిచ్చుకతో వదిన.

"లోపలికి పాపతో ఒక్కరే," అంది నర్సు.

అన్నయ్య అలవాటుగా లేచి, చొక్కా సర్దుకుని, పిల్ల కోసం చేతులు చాపాడు. వదిన ఇవ్వలేదు.

"మీరు ఎన్నిసార్లు చూశారు?"

"ఏంటి?"

"దీనికి వచ్చినప్పుడు. ఎన్నిసార్లు చూశారు?"

ఎదురు బెంచీవాళ్ళు ఇటు తిరిగారు. అన్నయ్య నా వంక చూశాడు, జవాబు నా దగ్గర ఉన్నట్టు.

"ఒక్కసారీ చూడలేదన్నయ్యా," అన్నాను. నా గొంతు అంత దూరం వెళ్తుందని నాకే తెలీదు.

అమ్మ వదిన కొంగు పట్టుకుంది. "మగాడు చెప్తే డాక్టరు వింటాడే పిల్లా."

"విన్నారుగా అత్తయ్యా, ఆరు నెలలు. జరగనిదంతా విన్నారు."

కొంగు విడిపించుకుని వదిన లేచింది. పిచ్చుక ఒక చంకన, డైరీ రెండో చంకన. అన్నయ్య చాపిన చేతులు కాసేపు అలాగే ఉండి, జేబుల్లోకి వెళ్ళిపోయాయి. పక్కకి జరిగాడు.

డైరీలో సగం నా రాత కదా, అర్థం కాకపోతే చదివి పెడదామని వెంటపడ్డాను. వదిన గుమ్మంలో ఆగింది.

"నువ్వు కూర్చో అమ్మడూ."

"పాప తండ్రి రాలేదా?" లోపలినుంచి డాక్టరు గొంతు.

"వచ్చారండీ, బయట ఉన్నారు. చూసింది నేను," అని, వదిన నా మొహం మీదే తలుపు వేసేసింది.