ఫోను పైకి, డోలీ కిందికి

రేగులబంద నుంచి నర్సీపట్నం రావాలంటే కొయ్యూరు దాకా మూడు గంటల నడక, ఆపైన గంటన్నర బస్సు. అంత దూరం పడి వచ్చింది 'నేను అబద్ధాలకోరుని' అని రాసిచ్చి పోవడానికా? సోమలమ్మ ఆ కాగితం వైపు చూసింది తప్ప ముట్టుకోలేదు.

"సంతకం పెట్టెయ్యమ్మా, అయిపోతుంది," అన్నాడు బల్లకి అవతల కూర్చున్న గణేశ్వరరావు. ఆయన ఆ ఫోన్ కంపెనీ ఆఫీసుకి మేనేజరు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే రూల్సు పుస్తకం చూడనిదే దాహం కూడా వెయ్యదేమో అనిపించే రకం.

"ఏటుందో సదివి ఇనిపించండి బాబూ. నాకు సత్వారం," అంది సోమలమ్మ.

చత్వారమూ లేదు, గిత్వారమూ లేదు. ఆశా కార్యకర్తగా పదిహేనేళ్ళ నుంచి రిజిస్టర్లు రాస్తున్న మనిషి ఆమె. ఆ మాటలు ఆయన నోటితోనే రావాలని పంతం, అంతే.

ఆయన గొంతు సవరించుకుని చదివాడు. "పాంగి సోమలమ్మ అను నేను, నాకు ఇచ్చిన ఫోన్ నుండి మూడు పర్యాయములు అబద్ధపు ఎమర్జెన్సీ కాల్స్ చేసినందుకు క్షమాపణ కోరుచున్నాను. ఇకమీదట ఇట్లు చేయనని హామీ ఇచ్చుచున్నాను."

"సంతకం సెయ్యను," అంది సోమలమ్మ.

టవర్లు లేని కొండ ఊళ్ళకి ఆకాశం నుంచే, శాటిలైట్‌తో సిగ్నల్ ఇస్తామని కిందటేడు ఆ కంపెనీ ఊరికొక ఫోను పంచింది. అందులో కబుర్లూ పాటలూ రావు, ఎమర్జెన్సీ నంబరు ఒక్కటే కలుస్తుంది. రేగులబందలో అది సోమలమ్మ చేతికొచ్చింది. దానికో పెంకితనం ఉంది. నెత్తిమీద ఆకాశం కనబడితేనే పలుకుతుంది. చెట్టు కిందా, ఇంటి చూరు కిందా మూగది. కాబట్టి ఎవరికైనా ప్రాణం మీదికొస్తే, ఆమె ఫోను పట్టుకుని ఊరి పైనున్న కంది చేలోకి పరుగెత్తాలి. ఈలోగా మగవాళ్ళు కర్రకి దుప్పటి కట్టి, రోగిని అందులో వేసుకుని రోడ్డు వైపు దిగిపోతుంటారు. ఎవరికోసమూ ఆగరు. ఆగితే మనిషి దక్కడని ఆ కొండమీద చంటిపిల్లలకీ తెలుసు. ఫోను పైకి, డోలీ కిందికి. ఎప్పుడూ అంతే.

ఈ సంగతి ఆకాశంలో ఉన్న యంత్రానికి తెలియకపోతే తప్పులేదు. నేలమీద ఉన్నవాళ్ళకీ తెలియకపోవడమే ఆమెకి ఒళ్ళు మండించింది.

గణేశ్వరరావు కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. పచ్చటి బొమ్మ మీద ఒక ఎర్రచుక్క. "ఇదిగో, నీ ఫోను ఎక్కడుందో మాకు గజం తేడా లేకుండా తెలుస్తుంది. దీనికి దగ్గరి రోడ్డు వాగు పక్కన, మీ గెడ్డ వైపు ఉంది. మూడుసార్లూ అంబులెన్స్ అక్కడికే వచ్చింది. ఇరవై నిమిషాలు ఆగారు, నీకు తిరిగి ఫోన్ చేశారు, నువ్వు ఎత్తలేదు. పేషెంట్ లేరు. మరి దాన్నేమంటారు?"

"అక్కడ పేషెంటెందుకుంటాడు బాబూ? అది నా కంది సేను."

పక్క బల్ల దగ్గర కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి రాచెల్ నవ్వు ఆపుకోవడానికి తల వంచుకుంది.

"వానలప్పుడు గెడ్డ పొంగుతాది," అంది సోమలమ్మ, పిల్లలకి చెప్పినట్టు నిదానంగా. "డోలీ మోసుకుని దాటలేం. కొండకి అవతలపక్క రాళ్ళ దారిన దిగుతాం. కింద తారు రోడ్డు కాడ ఓ పెద్ద రాయుంది, దానిమీద దించి మీ బండి కోసం సూస్తాం. మీ బండేమో గెడ్డ కాడుంటాది. నాను ఎనకాల సెట్ల కిందనుంచి దిగొస్తాను. సెట్ల కింద మీ ఫోను పలకదు కదా. నన్నెలగ ఎత్తమంటారు?"

"అదంతా రూల్సులో లేదమ్మా. ఒకే నంబరు మీద మూడుసార్లు పేషెంట్ దొరక్కపోతే ఆ నంబరు ఆపేస్తారు. ఆకతాయిల కోసం పెట్టిన రూలు. నేను పెట్టింది కాదు."

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, బండి తప్పు రోడ్డున పోతే నేరం సోమలమ్మదైంది. పోనీ, ఆమె ఒక్కదాని గొడవ అయితే ఓ దండం పెట్టి పోయేది. కానీ ఇంటి దగ్గర ఈశ్వరి ఉంది. మేనల్లుడు బుల్లిబాబు పెళ్ళాం, తొలిచూలు, నెలలు నిండాయి. ముందే తీసుకొచ్చి ఆసుపత్రిలో పెడదామంటే మంచాలు ఖాళీ లేవు, పది రోజులాగి రమ్మన్నారు. పైన చూస్తే వానలు. ఫోను చూస్తే చచ్చి పడుంది. ఇవాళ ఈ నంబరు బతికించుకోకుండా కొండెక్కితే ఈశ్వరి గతేమిటి?

"సంతకం పెట్టాక ఇంకొక్కటే పని," అన్నాడు గణేశ్వరరావు, ఆమె మెత్తబడిందనుకుని. "బయట ఎండలో నిలబడి ఓ టెస్ట్ కాల్ చెయ్యాలి. కడుపునొప్పనో, జ్వరమనో ఏదో ఒకటి చెప్పు. వాళ్ళు నమోదు చేసుకుంటారు, లైన్ ఓపెన్ అవుతుంది."

సోమలమ్మకి నిజంగానే నవ్వొచ్చింది. "అబద్ధాలాడనని ఇక్కడ రాసిచ్చి, బయటికెల్లి అబద్ధమాడాలి. బాగున్నాది బాబూ మీ రూలు. ఈ ఫోను నా సేతికొచ్చింతరవాత రోగం లేకుండా ఒక్కసారి నొక్కినాననిపించండి, ముక్కు నేలకి రాస్తాను."

ఆయన మొహం ముడుచుకున్నాడు. "అదొక పద్ధతమ్మా."

"పద్ధతా? ఉండండి. గంగాభవానీ, ఇటు రా."

ఆమెతోపాటు ఊరినుంచి వచ్చి వరండాలో కూర్చున్న గంగాభవాని తన బిడ్డని చంకనేసుకుని లోపలికి వచ్చింది. సోమలమ్మ బిడ్డని అందుకుని, తిన్నగా బల్లమీద, ఆ క్షమాపణ కాగితం మీదే కూర్చోబెట్టింది. బిడ్డ గణేశ్వరరావు పెన్ను లాక్కుని నోట్లో పెట్టుకుంది.

"ఇది మీ మొదటి అబద్ధం. రాళ్ళ దారి సగంలో, డోలీలో పుట్టినాది. బొడ్డు నాను కోసినాను. రెండు పళ్ళొచ్చినాయి, సూసుకోండి. రెండో అబద్ధం గోవిందు. పాము కరిసినాది. ఎవుడిదో ఆటో దొరికి బతికినాడు గానీ కాలు ఈడుస్తాడు, ఇంత దూరం నడవలేక రాలేదు."

సోమలమ్మ బిడ్డ నోట్లోంచి పెన్ను తీసి బల్లమీద పెట్టి, గణేశ్వరరావు కళ్ళలోకి చూసింది.

"మూడోది మా ఆయన. మత్స్యరాజు. గుండెల్లో నొప్పని కూలబడిపోనాడు. ఆయన్ని కిందికి మోసుకెల్లినారు, నాను పైకి పరిగెట్టినాను. ఫోను సేతిలో ఉన్నది నాకే కదా. మీవోళ్ళు అడిగినవన్నీ సెప్పి, దిగొచ్చేసరికి ఆ రాయిమీద ఉన్నాడు. సచ్చిపోయున్నాడు. ముప్పావుగంట రోడ్డుకేసి సూసి సూసి పోనాడంట. ఆఖరి మాటేటన్నాడో కూడా నాను ఇన్లేదు. ఇప్పుడు నాను దీనిమీద సంతకం పెడితే ఏటన్నట్టు? ఆయనకి నొప్పి రాలేదన్నట్టు. ఆయన సావలేదన్నట్టు. అంతేనా?"

పోయినవాడి మీద బెంగ కన్నా, ఆయన చావు అబద్ధాల ఖాతాలో పడిందన్న కసి ఆమెని రెండు నెలలుగా దహించేస్తోంది. దినాల నాడు కూడా కంట నీరు రాలేదు. మొండి మనిషని ఊళ్ళో ఆడవాళ్ళు అనుకున్నారు.

"సార్," అంది రాచెల్. లేచి నిలబడింది. "కంట్రోల్ రూమ్ నుంచి ఆ మూడు కాల్సూ మన దగ్గరికే వచ్చాయి. కంప్యూటర్‌లో ఎక్కించింది నేనే. మన స్క్రీన్ మీద రెండే బటన్లుంటాయి. ఒకటి 'పేషెంట్ దొరికారు', రెండోది 'అబద్ధపు కాల్'. దొరకలేదు కాబట్టి రెండోది నొక్కాను. ఆదివారం చర్చిలో పిల్లలకి పది ఆజ్ఞలు నేర్పేది నేను. ఈవిడ మీద మూడుసార్లు అబద్ధ సాక్ష్యం చెప్పాను సార్. కావాలంటే ఆ క్షమాపణ కాగితం నేను రాసిస్తాను."

"నువ్వు కూర్చో రాచెల్. నేను మాట్లాడుతున్నాను కదా," అన్నాడాయన. రాచెల్ కూర్చోలేదు.

"బాబూ," అంది సోమలమ్మ. "ఓపాలి బయటికి సూడండి."

అద్దం తలుపు అవతల బుల్లిబాబు, ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్ళ భుజాల మీద పొడుగాటి కర్ర, దానికి వేలాడుతూ ఖాళీ దుప్పటి. దాన్ని బస్సు టాపు మీద వెయ్యడానికి కండక్టరుతో పెద్ద తగువే అయింది. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"ఆ డోలీ మీకు తెలవాలనే తెచ్చినాను. నంబరు తెరిస్తే సరే. తెరవకపోతే, ఈశ్వరికి నొప్పులొచ్చిన రోజున దాన్ని రాయికాడ దించం. కొయ్యూరు బస్సెక్కించయినా, నడిచయినా, మీ గుమ్మంలోకే మోసుకొచ్చి దించుతాం. మీ కుర్చీ కాడే కంటాది. అప్పుడు పేషెంట్ దొరికారని నొక్కుకోండి."

"బెదిరిస్తున్నావా అమ్మా?"

"సెప్తన్నాను బాబూ. నాను సెప్పింది సెయ్యకపోవడం ఎప్పుడూ లేదు."

గణేశ్వరరావు లేచి అద్దం తలుపు దాకా వెళ్ళి ఆ డోలీని చూసి వచ్చాడు. తర్వాత బిడ్డని జాగ్రత్తగా ఎత్తి గంగాభవానికి అందించి, కింద నలిగిన కాగితాన్ని రెండు ముక్కలు చేశాడు. ఒక తెల్ల కాగితం తీసుకుని తనే రాయడం మొదలుపెట్టాడు. మూడు కాల్సూ నిజమైనవే. ఫోను ఉన్న చోటా, రోగి ఉన్న చోటా వేరు. కొండ ఊళ్ళ నుంచి ఎవరు చేసినా, ఏ దారిన దించుతున్నారో ముందు అడగాలి. అడగకుండా అబద్ధమని నమోదు చెయ్యకూడదు. కింద తన సంతకం చేశాడు.

"పైవాళ్ళు నన్ను తిడతారు," అన్నాడు.

"తిట్లకి మనిషి సావడు లెండి," అంది సోమలమ్మ.

ఆయన కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి గంటసేపు వాదించాడు. టెస్ట్ కాల్ కూడా ఆమె ఫోను తీసుకెళ్ళి ఎండలో నిలబడి ఆయనే చేసుకున్నాడు. నొప్పెక్కడని అటువైపు అడిగితే తడబడి, తలనొప్పన్నాడు. అది మాత్రం నిజమే అయ్యుంటుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, కుండపోత వానలో ఈశ్వరికి నొప్పులొచ్చాయి. డోలీ రాళ్ళ దారి పట్టింది. సోమలమ్మ కంది చేలోకి ఎక్కి, గోనెపట్టా తీసేసి, వానలోనే ఫోను ఎత్తి పట్టుకుంది. పేరు అడిగారు. రోగం అడిగారు. తర్వాత అటువైపు కుర్రగొంతు అడిగింది, "మీరు కొండ ఊరి నుంచి కదమ్మా. పేషెంట్‌ని ఏ దారిన దించుతున్నారు?"

సోమలమ్మ ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"అమ్మా, ఉన్నారా?"

"ఉన్నాను బాబూ. రాళ్ళ దారిన. తారు రోడ్డు కాడ పెద్ద రాయుంటాది. బేగి పంపు."

జారుతూ, కొమ్మలు పట్టుకుంటూ, మోకాళ్ళు చెక్కుకుపోతుంటే దిగింది. చెట్లు దాటి రోడ్డు మీద పడేసరికి గంట పైనే అయింది. రోడ్డు మీద ఎవరూ లేరు. ఈశ్వరి లేదు, బుల్లిబాబు లేడు. రాయికి డోలీ కర్ర ఆనించి ఉంది. రోడ్డు అంచున బురదలో రెండు చక్రాల అచ్చులు, వాన ఇంకా చెరిపెయ్యనివి, నర్సీపట్నం వైపు తిరిగి ఉన్నాయి. మోసినవాళ్ళలో ఒకడు చెట్టు కిందనుంచి చెప్పాడు, "మేం వొచ్చేసరికే బండి ఉన్నాది పెద్దమ్మా. ఎక్కించుకుని ఎల్లిపోనాది."

సోమలమ్మ ఆ రాయి దగ్గరికి నడిచింది. రెండు నెలల కిందట మత్స్యరాజు పడుకున్న చోట అరచెయ్యి ఆనించింది.

"అడిగితే వొస్తారన్నమాట," అంది ఆయనతో. "ఒక్క మాట అడిగుంటే వొచ్చేవోళ్ళన్నమాట."

అక్కడే కూలబడి, ఆయన పోయాక మొదటిసారి, గొంతెత్తి ఏడ్చింది.