బతికున్న ముఖానికి దీపం

మ్యూజియం అంటే ఏమిటో లస్మవ్వకు తెలియదు. అందులో కొడుకు ముఖం పెట్టారనగానే మాత్రం పెట్టెలోని కొత్త చీర తీసి కట్టుకుని వచ్చింది. గోదావరిఖనిలో మూతబడ్డ ఓ బొగ్గుబాయి ఆఫీసును బాగుచేసి, జర్మనీలోని ఒక బొగ్గు ఊరివాళ్లూ మనవాళ్లూ కలిసి పెట్టిన మ్యూజియం అది. ఆ దేశం నుంచి వచ్చిన శిల్పి రెండు నెలల కిందట పన్నెండు మంది కార్మికుల ముఖాలకు ప్లాస్టర్ పూసి అచ్చులు తీసింది. లస్మవ్వ కొడుకు సంపత్ అందులో ఒకడు. "నా మొకం గోడకెక్కుతదే అవ్వా" అని కాలనీ అంతా చాటింపు వేశాడు. తీరా ప్రారంభం నాడు ఫస్టు షిఫ్టు పడి, పొద్దున్నే బాయిలోకి దిగాడు.

గోడ ముందుకు వెళ్లిన లస్మవ్వ అక్కడే బిగుసుకుపోయింది. అచ్చు తీసేటప్పుడు కళ్లు మూసుకోవాలి కదా, ముఖాలన్నీ కళ్లు మూసుకునే ఉన్నాయి. పైన బొగ్గుపొడి పూశారు. ఒక్కో ముఖం ముందు నడుమెత్తు దిమ్మె, దాని మీద నూనె దీపం.

ఇంట్లో పోశం ఫోటో ముందు ఆమె రోజూ పెట్టేది అలాంటి దీపమే. పోశం ఆమె పెనిమిటి. పద్నాలుగేళ్ల కిందట కప్పు కూలి బాయిలోనే పోయాడు.

"ఈ దీపం ఎవలు వెట్టిండ్రు బిడ్డా?" అని, వచ్చినవాళ్లకు బొమ్మల గురించి చెబుతున్న రఘుపతి చెయ్యి పట్టుకుంది.

"జర్మనీ మేడం వెట్టిచ్చిందవ్వా. కార్మికులకు గౌరవమట."

"బతికున్నోనికి గిట్ల దీపం వెడ్తరా? నా కొడుకు బాయిల ఉన్నడు! జల్ది తీసెయ్యి."

రఘుపతి పోయి మేడంతో మాట్లాడి, తల గోక్కుంటూ వచ్చాడు. "రెండు దేశాలోళ్లు సంతకాలు వెట్టిన కాయితంల దీపం గూడ ఉన్నదట. తియ్యాలంటే ఆడికి ఉత్తరం రాయాలె. జవాబు వచ్చేదాక ఉంచాలె అంటున్నది."

పక్కకు జరుపుదామంటే ప్రమిదను దిమ్మెకు అతికించేశారు. ఊదేద్దామని వంగి, మధ్యలోనే ఆగిపోయింది. కొడుకు పేరున వెలిగే దీపాన్ని కన్నతల్లి నోటితో ఆర్పుతుందా? ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఉంచితే వాడు పోయినట్టు, ఆర్పితే తానే పోగొట్టినట్టు. వాడు పైకొచ్చేది మూడు దాటాకే. ఇంకా పదకొండు కూడా కాలేదు.

లస్మవ్వ కొంగు నడుముకు చుట్టింది. గోడకూ దిమ్మెకూ మధ్యనున్న మూరెడు జాగాలోకి దూరి, సంపత్ ముఖాన్ని వీపుతో కప్పేసి, దీపానికి ఎదురుగా నిలబడింది.

"ఇగ ఈ దీపం నాది" అంది, ఎవరితో అన్నదో గానీ.

మోకాళ్ల నొప్పుల మనిషి, నాలుగున్నర గంటలు అలాగే నిలబడింది. వచ్చినవాళ్లు ఆమె కూడా ప్రదర్శనలో భాగమే అనుకుని ఫోటోలు తీసుకున్నారు. మేడమైతే కళ్లు తుడుచుకుని దండం పెట్టింది. రోడ్డు మీద అంబులెన్స్ కూత వినబడగానే లస్మవ్వ తల అటు తిప్పింది. ఆ కూత ఎటు పోతోందో వినబడినంతసేపూ విన్నది.

మూడున్నరకు సంపత్ స్నానమైనా చేయకుండా పరుగున వచ్చాడు. గోడ మీది ముఖమే, కళ్లు తెరిచి, నవ్వుతూ.

"గిదేందే అవ్వా? జరుగు, నా మొకం నేను చూస్కుంట" అంటూ వాడు దిమ్మె దగ్గరికి వచ్చాడు.

"ఆడనే ఉండు! దీపం ముంగటికి రాకు!"

రఘుపతి సంగతంతా చెప్పాడు. సంపత్ పడీపడీ నవ్వాడు. "నేను బతికొచ్చిన గదనే! ఇంక ఫికరెందుకు? ఇంటికి పోదాం రా."

లస్మవ్వ కొడుకును కాళ్ల నుంచి తల దాకా చూసుకుంది. మసి పట్టిన వాడి చెంప తడమబోయి, మధ్యలో దీపం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రేపు గూడ ఫస్టు షిఫ్టేనా?"

"వారమంత అదే."

ఆమె రఘుపతి వైపు తిరిగింది.

"బిడ్డా, రేపు ఎన్నింటికి తెరుస్తరు?"