పంటి కింద మక్కగింజ

మా ఆయనకు ఇద్దరు సంతానం. ఒకడు మా సంజీవ, హాస్టల్లో చదువుకుంటున్నాడు. రెండోది అటక మీది అగ్నిపర్వతం. దానికి పదకొండేళ్లు. ఒళ్లంతా థర్మాకోల్. సైన్సు సారు కదా, ఏటా జిల్లా ప్రదర్శన రాగానే దాన్ని దింపి, రంగేసి, ఎవరో ఇద్దరు పిల్లల చేతుల్లో పెట్టి మహబూబాబాద్ పంపిస్తారు. అది అక్కడ ఇంత నురగ కక్కి, వచ్చి మళ్లీ అటకెక్కుతుంది. నా పచ్చడి జాడీలకు మాత్రం అక్కడ చోటు లేదు.

ఈసారి వంతు తొమ్మిదో తరగతి జువేరియాది, రూపది. శనివారంలోగా పరిశోధన అంశం రాసి పంపాలి. శుక్రవారం సాయంత్రం ఇద్దరూ మా ఇంటికి వచ్చారు.

"ఇగో, రంగు ఆరింది. పట్టుకపోండ్రి," అన్నారు మా ఆయన.

జువేరియా చెయ్యి చాపలేదు. "సార్, మన కేసముద్రం దిక్కు అగ్నిపర్వతం ఏడుంది?"

"ఏడ లేకపోతేంది? పుస్తకంల ఉంది."

నేను చాయ్ ఇచ్చి గడప మీదే కూర్చున్నాను. బీఎస్సీ చదివి ఇరవై ఏళ్లుగా చాయ్ కాస్తున్నదాన్ని, ఇట్లాంటి తమాషా రోజూ దొరకదు.

"పుస్తకం పక్కకు పెట్టు బిడ్డా. సమజ్ కాక నువ్వు పరేషాన్ అయితున్నది ఏమన్న ఉందా?" అని అడిగాను.

ఆ పిల్ల నన్ను కాదు, మా ఆయనను చూసింది. "ఉంది ఆంటీ. మా అబ్బా ఆరబోసిన మక్కలు."

ఊరందరికీ తెలిసిన సంగతే. పదిహేను రోజుల కింద వాళ్ల నాన్న చాంద్‌పాషా కల్లంలో మక్కలు, అదే మొక్కజొన్నలు, ఎండాయా లేదా అని పంచాయితీ అయింది. తీర్పుకు సైన్సు సారును పిలిచారు. ఈయన ఒక గింజ పంటి కింద వేసి, కళ్లు మూసుకుని, "పచ్చిగున్నయి" అన్నారు. కొనేటాయన ట్రాక్టర్ తిప్పుకుని పోయాడు. పాషా మళ్లీ ఆరబోశాడు. మూడో రోజు వాన పడి సగం మొలకెత్తాయి.

"కొరికి చెప్తే నిజమైతదా సార్? గదే మా ప్రశ్న," అంది జువేరియా.

"నాకే పరీక్ష పెడ్తవా? ముప్పై ఏండ్లసంది కొరుకుతున్న. ఎండితే టక్కుమంటది, పచ్చిదైతే నలుగుతది. గిండ్ల రీసెర్చ్ ఏముంది?"

"అయితే భయమెందుకు సార్?" అంది రూప, అప్పటిదాకా నోరు విప్పని పిల్ల.

"భయమా! రేపు పొద్దుగాల తెండ్రి మక్కలు. నేను తప్పు చెప్తే మీ ప్రశ్ననే రాస్త. లేకుంటే అగ్నిపర్వతమే!"

ఆయన బజారుకు వెళ్లగానే పిల్లలు ఎండినవీ పచ్చివీ వేరువేరు గిన్నెల్లో పెడదామన్నారు.

"ఏవి ఎండినయో మీకెట్ల తెలుసు? మీరు గూడ కొరికి చూస్తరా?" అన్నాను.

రూప తీసిన రెండు గిన్నెలూ మళ్లీ బోర్లించింది.

"ఒక్క సంచి మక్కలే బాగ కలిపి ఆరు గిన్నెలల్ల పోయండ్రి. అన్నిటికీ ఒక్కటే మాట చెప్తే సారు గెలిచినట్టు."

మొగుడి మీద ఇలాంటి సలహా ఇవ్వడం పాపమేమో. ఆ రాత్రి మాత్రం నాకు హాయిగా నిద్ర పట్టింది.

తెల్లారి చాంద్‌పాషా వానకు తడవని మక్కలు సంచిలో మోసుకొచ్చి, వాకిట్లోనే నిలబడ్డాడు. బల్ల మీద ఆరు గిన్నెలు, వాటికి నంబర్లు. మా ఆయన చొక్కా చేతులు మడిచి మొదలుపెట్టారు.

"ఒకటి, ఎండినయి. రెండు, పచ్చి. మూడు, ఎండినయి. నాలుగు, జర పచ్చి. ఐదు... అబ్బో, ఉత్త పచ్చి! ఆరు, ఎండినయి."

రూప రాసుకుంది. జువేరియా ఖాళీ సంచి దులిపి చూపించింది. "ఆరు గిన్నెలల్లయి గీ ఒక్క సంచిల మక్కలే సార్."

ఆయన నమ్మలేదు. మళ్లీ కొరికారు. ఈసారి ఒకటో గిన్నె పచ్చిదైంది, ఐదోది ఎండింది.

"ఇంకోసారి చూడండ్రి సారూ, ముప్పై రెండు పండ్లున్నయి గద," అన్నాను.

ఆయన నవ్వలేదు. కాగితం లాక్కుని రాశారు: "మక్కల తడి పంటితో తెలుస్తుందా?" కింద ఆడపిల్లల పేర్లు రాసి, సంతకం చేసి, కలం మూశారు. తర్వాత లేచి వాకిట్లోకి పోయారు.

"పాషన్నా, నీ మక్కలు ఎండినయో పచ్చియో ఆ రోజు నాకు తెల్వదు. తెలిసినట్టు చెప్పిన. తప్పు నాదే."