మూడో పిలుపు

సెమినార్ హాల్లో ధరణి మైకు ముందు నిలబడి ఉంది, ఎదురుగా కుర్చీలన్నీ నిండి ఉన్నాయి, వెనక గోడకి జూనియర్లు నిచ్చెన వేసుకుని మాతృభాషా దినం పోస్టర్లు అతికిస్తున్నారు, ఎంత అతికించినా ఆ గోడ అయిపోవడం లేదు, అవతలికి సాగుతూనే ఉంది. భాషాశాస్త్ర విభాగంలో శుక్రవారం మూడు గంటల ప్రసంగానికి సగం మంది టీ బిస్కెట్ల కోసమే వస్తారన్నది అందరికీ తెలిసిన రహస్యం, కానీ ఇవాళ ఎవరి చేతిలోనూ కప్పు లేదు, ఎవరూ దగ్గడం లేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. ముందు వరసలో, హెడ్ గారు తప్ప ఇంకెవరూ కూర్చునే సాహసం చేయని మెత్తటి కుర్చీలో, సన్యాసమ్మ కూర్చుని ఉంది.

సన్యాసమ్మ చనిపోయి రెండు నెలలయింది. ఆ సంగతి ధరణికి కలలో కూడా గుర్తుండడమే భయం. ఆవిడ కోడలు ఫోన్ చేసి చెబితే, కాన్ఫరెన్సుకి వ్యాసం పంపే గడువు నెత్తి మీద ఉందని ఆ ఊరు వెళ్ళలేదు, అదీ గుర్తుంది. ఆవిడ మాత్రం బతికున్నప్పటిలాగే, శ్రీకాకుళం వైపు ముసలమ్మల అలవాటు ప్రకారం నిప్పున్న కొసని నోటి లోపలికి పెట్టుకుని అడ్డచుట్ట తాగుతోంది, పెదవి విప్పినప్పుడల్లా లోపల ఎర్రగా కనబడుతోంది. హాల్లో పొగ తాగకూడదని ఎవరైనా చెప్పాలి. ఎవరూ చెప్పడం లేదు, ఎందుకంటే ఎవరూ ఆవిడ వైపు చూడడం లేదు.

"ఏటే గుంటా, సదువుకున్నోలందర్నీ కూసోబెట్టినావు. ఏటి సెప్తావు ఈల్లకి?"

"పిలుపుల గురించి మామ్మా. నువ్వు నేర్పినవే." ధరణి తన గొంతు తనకే సరిగ్గా వినబడక మైకు దగ్గరకి జరుగుతుంది. "మామ్మా, నువ్వు చనిపోయావు కదా."

"సచ్చిపోనానని నాకు తెల్దేటి? సంగతేటో సూసుకుని ఎల్దారని వొచ్చినాను."

అప్పటికే హాలు మెల్లగా సన్యాసమ్మ ఇంటి అరుగు అయిపోతోంది, మైకు ఉన్నచోట స్తంభం ఉంది, పోయిన వేసవి ఎండ ఉంది, ధరణి ఒళ్ళో రికార్డరు ఉంది, అయినా ప్రేక్షకులు అలాగే కూర్చుని ఉన్నారు, వాళ్ళ కుర్చీల కాళ్ళు ఇసుకలో దిగబడుతున్నాయి. ధరణి పరిశోధన పిలుపుల మీద. అన్నానికి పిలిచేటప్పుడు పేరు ఎలా సాగుతుంది, కోపంతో పిలిస్తే ఎక్కడ తెగుతుంది, చేను అవతల ఉన్నవాళ్ళని కేకేస్తే ఎంత ఎత్తుకి లేస్తుంది, ఇవన్నీ కొలిచి పట్టికలో రాస్తుంది. పరిశోధకులకి ఒక జబ్బు ఉంది, ఏ మాటనైనా మూడుసార్లు చెప్పించి రికార్డు చేసుకుంటే గానీ నమ్మరు. మొదటిది పొరపాటు కావచ్చు, రెండోది మొహమాటం కావచ్చు, మూడోది కూడా ఉంటే సగటు తేలుతుంది. పాపం సన్యాసమ్మ ఆ వేసవంతా లేని మనవల్ని, లేని పక్కింటివాళ్ళని మూడేసిసార్లు పిలిచి పిలిచి, "నీ సదువు సల్లగుండా, నన్ను పిచ్చిదాన్ననుకుంతన్నారే ఈదిలోల్లు" అని నవ్వేది.

చివరికి మిగిలింది ఒక్క పిలుపు. శవాన్ని మోసుకుపోతూ దారిలో ఒకచోట పాడె దింపుతారు, అయినవాళ్ళు చెవి దగ్గర వంగి పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు, ఊపిరి ఎక్కడైనా దాక్కుని ఉంటే లేచి పలుకుతుందేమోనని. దింపుడు కళ్ళం ఆశ అని మనం పరీక్ష తప్పినవాడి గురించి కూడా నవ్వుతూ అనేస్తాం గానీ, ఆ పిలుపు ఒకసారి విన్నవాళ్ళకి నవ్వు రాదు. ఆ ఊళ్ళో ఆ పిలుపు పిలవాల్సి వస్తే సన్యాసమ్మనే తీసుకుపోయేవారు, అంత గొంతు.

"నా ఇంటోల్ల పేరు ఆ గొంతుతో నాను అనను" అంది సన్యాసమ్మ, ఆ పిలుపు కూడా రికార్డుకి పిలవమన్న రోజు. ఊళ్ళోవాళ్ళ పేర్లూ అననంది. చచ్చిపోయినవాళ్ళ పేర్లు అసలే అననంది, వాళ్ళు తిరిగి పలికితే ఏం చేస్తామంది.

"అయితే నా పేరు పిలు మామ్మా" అంది ధరణి. చదువుకున్నవాళ్ళకి వచ్చే ఉపాయాలు ఇలాగే ఉంటాయి.

ముసలమ్మ ధరణి మొహం ఒకసారి చూసి, చుట్ట తీసి పక్కన పెట్టి, పిలిచింది. రెండుసార్లు. మూడోసారికి నోరు తెరిచి మూసేసింది. "సాలు. బతికున్న మనిషికి మూడో పిలుపు ఎట్టకూడదు" అనేసి లోపలికి వెళ్ళి, గంజి తాగమని కేకేసింది. ఆ కేక మామూలుగా ఉంది.

"మరి ఆ పిలుపు ఇప్పుడాడించు, ఇంతాను" అంటోంది సన్యాసమ్మ ముందు వరసలోంచి.

ధరణి చేయి దేని మీదా లేదు, అయినా లాప్‌టాప్ తనంతట తాను తెరుచుకుంటుంది, తెర మీద గొంతు గీతై కనబడుతుంది, సన్నగా లేచి, వంగి, కిందికి దిగిపోయే గీత. పెద్ద స్పీకర్లలోంచి మొదటి పిలుపు వస్తుంది. "ధరణీ..." ఆ గొంతులో ఏడుపు లేదు, ఆశ కూడా పెద్దగా లేదు, అవతలి గదిలో ఉన్నావా అని అడిగినట్టు ఉంది. పోస్టర్లు అతికించే జూనియర్లు నిచ్చెన దింపి అడ్డంగా పడుకోబెడుతున్నారు, దాని మీద గడ్డి పరుస్తున్నారు, విభాగంలో ఏ పని చెప్పినా చేయని పిల్లలు ఎంత శ్రద్ధగా పరుస్తున్నారో. "మేడమ్, మీరు ఇలా రండి" అంటాడు ఒకడు ఎంతో మర్యాదగా, ప్రసంగం అయ్యాక ఫొటోకి పిలిచినట్టు.

"నేను రాను" అనాలనుకుంటుంది, అప్పటికే ఆ నిచ్చెన మీద పడుకుని ఉంది. పైన హాలు ఫ్యాను తిరుగుతోంది, ఫ్యాను వెనక ఆకాశం ఉంది.

రెండో పిలుపు. "ధరణీ..." అది ముందుదానికన్నా కొంచెం పొడుగు, ఆ తేడా ఎంతో ధరణికి లెక్కతో సహా తెలుసు.

సన్యాసమ్మ కుర్చీలోంచి లేచి పక్కకి వచ్చి చెవి దగ్గర వంగుతుంది. పొగాకు వాసన, నోట్లో నిప్పు. "నాను పిలిసింది రెండేనే" అంటుంది నెమ్మదిగా. "ఆ యంత్రంలో మూడున్నాయి. మూడోసారి పిలిసిందెవులు?"

ఇదే ధరణి ఎవరికీ చెప్పని సంగతి. పట్టికలో అందరికీ మూడేసి ఉన్నాయి, సన్యాసమ్మ దగ్గర ఒక్క గడి ఖాళీ. ఆ ఖాళీ ఉంటే ఆ పిలుపుకి సగటు రాదు, సగటు రాకపోతే నాలుగో అధ్యాయం నిలబడదు. ఒక సాయంత్రం రెండో పిలుపునే కాపీ చేసి, చివర కాస్త కత్తిరించి, మూడో గడిలో అతికించింది. రెండు నిమిషాల పని. గీత ముచ్చటగా వచ్చింది, గైడు గారు భుజం తట్టారు, శుక్రవారం ప్రసంగంలో ఇదే వినిపించమన్నారు.

"నేనే మామ్మా" అంటుంది. "నీ గొంతే, రెండోది తీసి మళ్ళీ పెట్టాను."

"నాను ఒగ్గీసినదాన్ని నువ్వెందుకు ఎత్తుకున్నావు?"

"గడి ఖాళీగా ఉందని."

"కాళీగుంటే ఏటవుద్ది?"

ఐదేళ్ళలో ధరణిని ఏ మాస్టారూ ఆ ప్రశ్న అడగలేదు. ముసలమ్మ మొహంలో కోపం లేదు, కోపం ఉంటే కాళ్ళు పట్టుకోవచ్చు, ఆవిడ కూడా భయపడుతోంది, మనవరాలు నూతి గట్టు ఎక్కితే చూసినట్టు చూస్తోంది. తెర మీద నిలువు గీత కదులుతూ మూడో పిలుపు వైపు వస్తోంది.

"ఆపు మామ్మా. నీకు దండం పెడతాను, ఆపు."

"నాను అప్పుడే ఆపీసినాను గదే" అంటుంది సన్యాసమ్మ, ఏడుస్తోంది ఇప్పుడు. "ఇప్పుడు నా సేతుల్లో ఏటున్నాది?"

ధరణి లేవబోతుంది, ఒళ్ళు లేవదు, చేయి చాచి మీట నొక్కబోతే వేళ్ళ కింద మీటలన్నీ ఇసుక. ఏం జరిగినా పలకకూడదు, పలికితే అయిపోయింది, అది ఎవరు చెప్పారో గుర్తులేదు గానీ అంతకన్నా నిజం లోకంలో లేదనిపిస్తుంది. పళ్ళు బిగిస్తుంది. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి ముందుకి వంగుతారు, పెన్నులు తీస్తారు.

కళ్ళు తెరిచేసరికి చెంప కింద టేబులు, కిటికీలోంచి ఎండ, హాస్టల్ గది. టేబులు పక్కన రూమ్మేటు స్వరూప చెప్పులు వేసుకుని సిద్ధంగా నిలబడి ఉంది. "రెండుంబావు అయితున్నది. సార్ హాలు తాళం తీపిచ్చిండట, జల్ది నడువు."

ధరణి లాప్‌టాప్ దగ్గరకి లాక్కుని పట్టిక తెరుస్తుంది. రెండుసార్లు తప్పు చోట నొక్కుతుంది. మూడో పిలుపుని తీసేస్తుంది, చెత్తబుట్టలోంచి కూడా తీసేస్తుంది. గడి ఖాళీ అవుతుంది. సగటు పోతుంది, పక్కనున్న గీత మాయమవుతుంది.

స్వరూప వంగి చూస్తుంది. "ఏం జేస్తున్నవే? నాలుగో అధ్యాయం మొత్తం పోతది. సార్ అడిగితే ఏం జెప్తవ్?"

"ఆవిడ రెండుసార్లే పిలిచిందని చెప్తాను. మూడోది నేను పెట్టానని చెప్తాను."

"అందరి ముందటనా?"

"అందరి ముందే." చెప్పాక కొంచెం ఊపిరి ఆడుతుంది. మొహం కడుక్కోవడానికి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, తలుపు దగ్గర ఆగుతుంది. "చాలాసేపు పిలిచావా నన్ను?"

"యాడ చాలాసేపు? రెండుసార్లు పిలిచిన, లేవలే. ఇంకోసారి పిలుద్దామని నేను నోరు తెరవకముందే, నువ్వే 'ఆఁ, వస్తున్నా' అన్నవ్."