సువార్తకు పడిన ఓట్లు

అరవై రెండు ఫిబ్రవరిలో పెద్ద ఎన్నికలు జరిగాయి. పర్చూరుకు నాలుగు మైళ్ళ దూరాన ఉన్న ఆ ఊళ్ళో బడిలోనే ఓట్లు వేయించారు. మర్నాడు ఖుర్షిదా గది ఊడుస్తుంటే పిల్లలు చుట్టూ మూగారు.

"మాకు ఓట్లుండవాండీ?"

ఖుర్షిదా మంగళగిరి నుంచి వచ్చి ఏడు నెలలైంది. ఆ బడికి ఆమె ఒక్కతే పంతులమ్మ. పెళ్ళైన ఏడాదికే భర్త పోయాడు. ఊళ్ళో నా అన్నవాళ్ళు లేరు. అద్దె గదిలో ఒక్కతే వండుకుని తినేది. పిల్లల ప్రశ్న ఆమెకు నచ్చింది.

పొద్దున ప్రార్థనకు పిల్లల్ని వరసలో నిలబెట్టే బడి నాయకత్వానికి ఎన్నిక పెట్టింది. ఇద్దరు అయిదో తరగతి ఆడపిల్లలు నిలబడ్డారు. ఒకరు పంచాయతీ ప్రెసిడెంటు చెంచురామయ్య కూతురు మల్లేశ్వరి. ఇంకొకరు మాలపల్లె ఆదాం కూతురు సువార్త. రాయడం రాని చిన్నవాళ్ళూ ఓటెయ్యాలి కాబట్టి మల్లేశ్వరికి పత్తిగింజ, సువార్తకు ఎండుమిరపకాయ అనుకున్నారు. ఒక్కొక్కరే తడిక వెనక్కి వెళ్ళి కుండలో వేసి వచ్చారు.

కుండ బోర్లిస్తే పద్నాలుగు గింజలు, పంతొమ్మిది కాయలు. చిన్నవాళ్ళకు ఓపిగ్గా ఎక్కాలు చెప్పేది సువార్తే మరి.

సాయంత్రం చెంచురామయ్య వచ్చాడు.

"పంతులమ్మగారూ, ఆ పిల్ల నిలబడమంటే మా పిల్లలు నిలబడాలా? ఏదో ఆడుకున్నారు, అయిపోయింది. రద్దు చేసెయ్యండి."

"ఆట కాదండీ. మొన్న ఇదే గదిలో మీరూ ఓటేశారు. దాన్ని ఎవరైనా రద్దంటే ఊరుకుంటారా?"

"అయితే మీ బడి మీరే నడుపుకోండి."

మర్నాడు పదకొండు మందే వచ్చారు, అందరూ మాలపల్లె పిల్లలే. పాలు పోసే పేరమ్మ రావడం మానేసింది. బావి దగ్గరికి ఖుర్షిదా వెళ్తే మాటలు ఆగిపోయేవి. పది రోజులు ఊళ్ళో పెద్దవాళ్ళెవరూ ఆమెతో మాట్లాడలేదు. ఒక్కోసారి తన గొంతు తనకే కొత్తగా వినిపించేది.

"నేను దిగిపోతానండీ. అప్పుడు అందరూ వస్తారు," అంది సువార్త.

సరేనన్న మాట ఖుర్షిదా నోటిదాకా వచ్చింది. తన మీద తనకే సిగ్గేసింది.

"నిన్ను ఎన్నుకున్నవాళ్ళు దిగమంటే దిగు. వాళ్ళ నాన్నలు దిగమంటే కాదు."

తర్వాతి సోమవారం మల్లేశ్వరి గుమ్మంలో నిలబడింది.

"ఓడిపోయింది నేనండీ. నాన్న కాదుగా. అసలు నేను కూడా మిరప..."

"చెప్పకమ్మా. ఓటు ఎవరికేశావో ఎవరికీ చెప్పనక్కర్లేదు."

సువార్త ముందుకొచ్చింది. "నువ్వు వరసలో వెనక నిలబడు. పొడుగున్నావు," అంది. మల్లేశ్వరి వెళ్ళి వెనక నిలబడింది. మర్నాడు చెంప వాచి వచ్చింది. అయినా రావడం మానలేదు. ఉగాది నాటికి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి చేరారు.

పెద్దల కోపం మాత్రం చల్లారలేదు. వేసవి సెలవుల్లో దర్శికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఖుర్షిదా బయల్దేరిన రోజున ఆదాం ఒక్కడే వచ్చి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. రోడ్డు దాకా మోసుకొచ్చి దించాడు.

"పిల్లని ఆరులో వెయ్యాలంటే పర్చూరు హైస్కూల్లో ఎవర్నడగాలండీ?" అన్నాడు.

ఆమె పెట్టె మీదే కాగితం పెట్టి హెడ్మాస్టరుకు ఉత్తరం రాసిచ్చింది. బస్సు వచ్చింది. ఆదాం దణ్ణం పెట్టాడు. బస్సు కదిలాక, పక్కన ఎవరూ లేని ఆ సీట్లో ఆమె చాలాసేపు ఏడ్చింది.